దానియేలు ఆపని అలారం

ఒక అలారం ఆపేసిన సంగతిని ఏళ్ల తరబడి లోపల పెట్టుకుని తిరిగాను. ఇంట్లో చెప్పలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. చెబితే ఏమవుతుందోనని ఒక భయం, చెప్పకపోతే ఏమవుతుందోనని ఇంకో భయం. ఆ రెండు భయాల మధ్యే అన్నం తిన్నాను, పిల్లను బడికి పంపాను, ఉద్యోగంలో పైకి వచ్చాను. ఈమధ్యే నోరు తెరిచాను, అదీ తడబడుతూ. మొదటి నుంచీ అంతా వరసగా చెప్పడం మాత్రం మీకే. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే చేతనవుతోంది.

నా పేరు అడక్కండి. ఫ్యాక్టరీ పేరు కూడా అడక్కండి. నెల్లూరు నుంచి సముద్రం వైపు వస్తే రొయ్యలు ఒలిచి, గడ్డకట్టించి, ఓడలకెక్కించే ఫ్యాక్టరీలు కనబడతాయి. వాటిలో ఒకటి అనుకోండి.

అప్పట్లో నేను పగటి షిఫ్టుకి ఇన్‌ఛార్జిని. నా కింద ఉన్నవాళ్లంతా దాదాపు ఆడవాళ్లే. చుట్టుపక్కల పల్లెల నుంచి, సముద్రం ఒడ్డునున్న పాళేల నుంచి కంపెనీ బస్సుల్లో వచ్చేవాళ్లు. ఆ ఏడాది మాకు కొత్త ప్లాంట్ హెడ్ వచ్చారు. పొద్దున్నే హాల్లోకి పోకముందు అందరినీ నిలబెట్టి మాట్లాడించడం ఆయన అలవాటు. "ఇక్కడ బాగుచేయాల్సింది రోజూ ఏదో ఒకటి ఉంటుంది. అది మీకే తెలుసు, నాకు తెలియదు. చెప్పండి. చెప్పినందుకు ఎవరినీ ఏమీ అనను" అనేవారు.

మొదట ఎవరూ నమ్మలేదు. కొన్నాళ్లకు చెంగమ్మ అనే ఆమె, చేపలు పట్టే ఇంటి మనిషి, గట్టిగా మాట్లాడే మనిషి, బల్ల ఎత్తు చాలక నడుం పోతోందని చెప్పింది. ఆ వారమే బల్లల కాళ్లు పెంచారు. అంతే. హాలు మొత్తానికి నోరొచ్చింది. నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో, ఏ కత్తి మొండిదో, ఎక్కడ కాలు జారుతోందో, అన్నీ చెప్పేవాళ్లు. చెప్పినవాటిలో చాలావరకు బాగయ్యేవి. ఆ పద్ధతిని ఫ్యాక్టరీలో అందరికంటే ఎక్కువ ప్రేమించింది నేనే. ఇది అబద్ధం కాదు. ప్రేమించినదాన్నే నా చేతులతో ఎలా చంపానన్నది నాకు ఇప్పటికీ అర్థం కాదు.

గేటు దగ్గర ఒక బోర్డు ఉండేది. ఏ షిఫ్టులో పని ఎన్నిసార్లు ఆగిందో దాని మీద రాసేవారు. ఎందుకు ఆగిందో తెలుసుకుని సరిచేసుకోవడానికి పెట్టిన బోర్డు అది. నేను మాత్రం దాన్ని పరీక్ష మార్కుల్లా చూడడం మొదలుపెట్టాను. నా షిఫ్టు కింద ఖాళీగా ఉంటే ఆ రోజు కడుపు నిండేది.

నా బోర్డు పాడవుతున్నది ఎక్కువగా అలారం వల్లే. చల్లదనం కోసం వాడే అమ్మోనియా గాలిలోకి లీకైతే మోగే అలారం అది. ఆవిరి తగిలినా, నీళ్లు చిమ్మినా ఊరికే మోగేది. మోగితే అందరం బయటికి పరిగెత్తాలి. ఎండలో నిలబడాలి. లోపల బల్లల మీద సరుకు వెచ్చబడుతుంది. దాన్ని బాగుచేయించాలని మెషిన్ రూమ్ ఆపరేటర్ దానియేలు పొద్దుటి మీటింగులో అడిగాడు. కనుక్కుంటానని చెప్పాను. కనుక్కోలేదు. పని ఆపి బాగుచేయించాలి కదా. ఆపితే బోర్డు మీదికెక్కుతుంది కదా.

దానియేలు నా వయసువాడే. నెమ్మదస్తుడు. ఆదివారం చర్చిలో పాటలు పాడేవాడు. మెషిన్ రూములోనూ సన్నగా పాడుకుంటూ ఉండేవాడు.

సరుకు కొనే విదేశీయులు చూడడానికి వచ్చిన రోజు అది. వాళ్లు లోపలుండగా అలారం మోగుతుందేమోనని నాకు పొద్దున్నుంచీ అదే ధ్యాస. దానియేలు వెనక తొట్టిలో నీళ్లు చూడడానికి పోయినప్పుడు మెషిన్ రూములోకి వెళ్లాను. మేకుకున్న తాళంచెవి తీసి, పెట్టె తెరిచి, అలారం ఆపేశాను. తాళంచెవి మళ్లీ మేకుకే తగిలించాను. ఎవరూ చూడలేదు. ఈ ఒక్క పూటకే అనుకున్నాను. వచ్చినవాళ్లు మెచ్చుకుని వెళ్లారు. ఫొటోలు తీశారు. సాయంత్రం బస్సెక్కి కూర్చున్నాక గుర్తొచ్చింది. దిగి వెనక్కి పోవచ్చు. డ్రైవర్ని ఆపమంటే ఆపుతాడు. ఎందుకమ్మా అని ఎవరైనా అడుగుతారేమోనని దిగలేదు. రేపు చూసుకోవచ్చులే అనుకున్నాను.

మరుసటి రోజు పొద్దున సరుకు ఎక్కువ వచ్చింది. ఆ పనిలో పడి మర్చిపోయాను. మర్చిపోయానా? మెషిన్ రూము ముందు నుంచి ఆ పొద్దున నడిచాను. తలుపు తెరిచే ఉంది. దానియేలు లోపలే ఉన్నాడు. అతని ముందు ఆ పెట్టె తెరవడం ఎలాగా అనుకున్నట్టు నాకు ఇప్పుడు లీలగా గుర్తుంది. కాబట్టి మర్చిపోలేదు.

మధ్యాహ్నం అన్నాలకు ముందు ఫ్రీజర్ పక్క సందులో పైపు దగ్గర అమ్మోనియా లీకైంది. అలారం మోగలేదు. వాసన ఘాటుగా ముక్కుకి తగిలాకే జనానికి తెలిసింది. అప్పటికే ఆ సందులో చెంగమ్మ ట్రేలు మోస్తోంది. పరిగెత్తబోయి తడి నేల మీద జారిపడింది. లేచేసరికి కళ్లు మండి ఎటు పోవాలో కనబడలేదు. ఇద్దరు లోపలికి పోయి లాక్కొచ్చారు. ఆమె అరుపు నేను బయట నిలబడి విన్నాను. మిగతావాళ్లకు ఏమీ కాలేదు. చెంగమ్మ కుడి కన్ను పోయింది.

అలారం ఆపి ఉందని ఆ సాయంత్రమే తేలింది. తాళంచెవి ఉండేది దానియేలు గదిలో, ఆ పెట్టె తెరిచేదీ అతనే.

రెండు రోజుల తర్వాత ప్లాంట్ హెడ్ అందరినీ కూర్చోబెట్టారు. "మనం మనిషిని వెతకడం లేదు. కారణాన్ని వెతుకుతున్నాం" అన్నారు. కారణం దొరికేదాకా ఎందుకు, ఎందుకు అని అడుగుతూ పోవాలని మాకు నేర్పింది ఆయనే. బాగా నేర్చుకున్నదాన్ని నేనని నన్నే అడగమన్నారు. ఆ క్షణంలో చెప్పి ఉంటే? ఆయన మాట తప్పే మనిషి కాదు. ఉద్యోగం పోయినా మనిషిగా నిలబడేదాన్ని. కానీ ఆసుపత్రిలో, కంటికి కట్టుతో చెంగమ్మ ఉంది. నోరు తెరిస్తే అడగడానికి మాత్రమే తెరుచుకుంది.

"అలారం ఎందుకు మోగలేదు, దానియేలూ?"

"ఆపేసి ఉండాది మేడం."

"ఎందుకు ఆపేసి ఉంది?"

"తెలీదు మేడం. నేను ఆపలేదనే అనుకుంటా ఉండా."

అక్కడ ఆగి ఉండాల్సింది. ఆగలేదు. ఆ మాటలో నాకో సందు కనిపించింది.

"అనుకుంటున్నావా, ఖాయంగా తెలుసా?"

అతను నా వైపు చూశాడు. నమ్మకంగానే చూశాడు, నేనేదో సాయం చేస్తున్నట్టు.

"పోయిన నెల గది కడిగేటప్పుడు ఒకసారి ఆపావు కదా. అట్లాగే మొన్న కూడా ఆపి, మళ్లీ వేయడం మర్చిపోయి ఉండవచ్చు కదా?"

అతను తన అరచేతుల్ని తిప్పి చూసుకున్నాడు.

"ఏమో మేడం," అన్నాడు. "అయ్యుండొచ్చు."

అలారం ఆపడం నా మొదటి తప్పు. ఈ మాట అతని నోటి నుంచి లాగడం రెండోది. మొదటిదానికి ఏవైనా సాకులు చెప్పుకోగలను. రెండోదానికి ఒక్కటీ దొరకదు.

దానియేలుని ఎవరూ తిట్టలేదు, తీసేయలేదు. మెషిన్ రూము నుంచి మార్చి ఐసు దింపే దగ్గర వేశారు. బస్సులో అతని పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. కొన్నాళ్లకు అతనే రావడం మానేశాడు. చెంగమ్మ తిరిగొచ్చి అదే బల్ల దగ్గర నిలబడింది. నేను మేనేజర్నయ్యాను. పొద్దుటి మీటింగు నా చేతికొచ్చింది. "భయపడకుండా చెప్పండి" అని రోజూ నేనే అనేదాన్ని. బల్లల వెనక నుంచి చెంగమ్మ ఉన్న ఒక్క కంటితో నన్ను చూస్తుంటే, ఆమెకు తెలుసునేమో, ఈ రోజు చెప్పేస్తుందేమో అనిపించేది. అలారం పరీక్ష చేసే రోజున ఏదో వంక పెట్టి గేటు బయటికి పోయేదాన్ని.

ఎవరూ ఏమీ చెప్పేవాళ్లు కాదు. ఫ్యాన్లు కావాలనేవాళ్లు. చేతి తొడుగులు కావాలనేవాళ్లు. అంతకుమించి మాటలేదు. అంతా బాగుంది కాబట్టి చెప్పడానికేమీ లేదని పైవాళ్లకు చెప్పేదాన్ని. నేనూ అదే నమ్మాలని చూశాను.

ఒకసారి అల్లూరు సంతలో దానియేలు భార్య కనిపించింది. తప్పించుకుందామనుకున్నా వీలు కాలేదు. అతను రొయ్యల గుంటల దగ్గర కాపలాకి ఉన్నాడని చెప్పింది. గుంటలో నీళ్లకు గాలి పట్టించే మోటార్ల స్విచ్ మాత్రం ముట్టుకోడట. ఇంట్లో గ్యాసు పొయ్యి వెలిగించడట. ఆమె పొయ్యి ఆపాక కూడా లేచి వెళ్లి, ఆపినావా, నిజంగా ఆపినావా అని అడుగుతాడట. "చర్చిలో పాట కూడా మానుకున్నాడు మేడం. నా చేతుల్ని నేను నమ్మలేకుండా ఉండా అంటాడు." ఆమె దగ్గర కూరగాయల సంచి ఉంది. సాయం పడతానని అందుకున్నాను. సంచి నా చేతిలో వణికింది. ఆమె చూసి, జ్వరమా మేడం అని అడిగింది. అవునన్నాను. అప్పుడూ చెప్పలేదు. ఇంకెప్పుడు చెబుతావు అని నన్ను నేను ప్రశ్నించుకుంటూ ఇంటికొచ్చాను.

చివరికి నన్ను కదిలించింది పశ్చాత్తాపం అని రాయాలని ఉంది. కాదు, భయమే.

ఈమధ్య ఒక రోజు అదే సందులో పైపు దగ్గర, అలారం మోగనంత సన్నటి లీకు బయటపడింది. కొత్త ఆపరేటర్ పసిగట్టి కట్టేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సందులో రోజూ తిరిగే చెంగమ్మను పక్కకు పిలిచి, నీకు వాసన రాలేదా అని అడిగాను.

"వచ్చినాది మేడం. శానా దినాల్నుంచి వస్తానే ఉండాది."

"మరి చెప్పలేదే? నువ్వే చెప్పకపోతే ఎట్లా?"

"చెప్తే ఎవురో ఒకర్ని పట్టుకుంటారు గదా. మల్లా ఇంకో దానియేలు ఇంటికి పోతాడు. నాకింకో కన్నుండాదిలే అనుకున్నా."

ఎత్తిపొడుపేమీ లేదు ఆ గొంతులో. మామూలుగా అంది. నాకు మాత్రం అప్పుడే అర్థమైంది. మళ్లీ జరుగుతుంది. ఈసారి ఒక కన్నుతో పోదు. జరగబోయేది వీళ్లందరికీ తెలిసే ఉంటుంది, ఒక్కరూ చెప్పరు. ఈ హాలుకి నోరు లేకుండా చేసింది నేను.

మర్నాడు సెలవు పెట్టి గుంటల దగ్గరికి వెళ్లాను. దానియేలు గట్టు మీద వల ఆరేస్తున్నాడు. తల నెరిసింది. కుర్చీ తెస్తానన్నాడు. వద్దన్నాను. నిలబడే చెప్పాను. మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. అతను వల వదల్లేదు.

"ఆపింది మీరా?"

"నేనే."

"మరి నాకు గుర్తుండాది గదా మేడం," అన్నాడు. "నా చేత్తో ఆపినట్టు గుర్తుండాది. తాళంచెవి చల్లగా తగిలినట్టు గూడా గుర్తుండాది."

అంతటి భయం నాకు చెంగమ్మ అరుపు విన్నప్పుడు కూడా కలగలేదు. జరగని పని ఒక మనిషికి గుర్తుంది. ఆ గుర్తుని అతని లోపల పెట్టింది నేను.

కాళ్లు పట్టుకోబోయాను. వెనక్కి జరిగాడు.

"వద్దు. ఇంకేం చెప్పబాక." మొదటిసారి నన్ను నువ్వన్నాడు. కాసేపటికి, నా వైపు చూడకుండా, "నాతో చెప్తే ఏం లాభం? ఆడ చెప్పు. నన్ను అడిగినావే, అట్టా అందరి ముందర చెప్పు," అన్నాడు.

మరుసటి పొద్దున చెప్పాను. ప్లాంట్ హెడ్‌ని కూడా హాలు దగ్గరికి రమ్మన్నాను. గమ్‌బూట్లలో నిలబడ్డ ఆడవాళ్ల ముందు, చెంగమ్మ ముందు, ఆ అలారం ఆపింది దానియేలు కాదు, నేను అన్నాను. తెలిసే అతన్ని అడిగానన్నాను. ప్లాంట్ హెడ్ ముఖం పాలిపోయింది. "ఆ రోజే చెప్పి ఉంటే..." అని ఆగిపోయారు. చెంగమ్మ తలకున్న టోపీ సరిచేసుకుని, నా పక్కనుంచి లోపలికి వెళ్లిపోయింది. ఆమె అలా వెళ్లడాన్ని నేను ఏ పేరుతోనూ పిలవను. క్షమించిందని మాత్రం అనుకోవడం లేదు.

నా దగ్గరున్న తాళాలూ కాగితాలూ అక్కడే ఆయనకు అప్పగించి గేటు వైపు నడుస్తుంటే వెనక ఒక గొంతు వినిపించింది. ఎప్పుడూ మాట్లాడని మనిషి ఎవరో.

"సార్, పెద్ద ఫ్రీజర్ తలుపు లోపల్నుంచి తెరుచుకోదు సార్. లోపల ఎవురన్నా ఇరుక్కుంటే అంతే. మాకు ఎప్పుట్నుంచో తెల్సు."

నిలబడిపోయాను. ఆ ఫ్రీజర్లోకి వాళ్లు రోజూ పోతారు. మేనేజర్నయిన నాకు తెలియదు.

ఇప్పుడు ఇంట్లో ఉన్నాను. పోలీసుల దాకా పోతుందంటున్నారు. మా ఆయన సరిగ్గా మాట్లాడడం లేదు. అమ్మాయి ఏమనుకుంటుందో అడిగే ధైర్యం లేదు. వీధిలో బండి ఆగిన చప్పుడైతే ఉలిక్కిపడుతున్నాను. దానియేలు మళ్లీ తన చేతుల్ని నమ్ముతాడో లేదో తెలియదు. చెంగమ్మ కన్ను రాదు. భయం తగ్గిందని చెప్పను. కానీ ఇన్నేళ్లూ దాన్ని ఒక్కదాన్నే మోశాను, నవ్వుతూ మోశాను. ఇప్పుడు నవ్వక్కర్లేదు. భయపడుతున్నానని పైకే కనబడవచ్చు. మీతో అంతా చెప్పేశాను. నాకు దక్కింది ఇంతే.