పావడా బ్యాండుకు పసుపు టైలు

మా ఇంట్లో ఒక ఏడాది ఆడవాళ్ళ పావడాలకంటే మగవాళ్ళ పావడాలే ఎక్కువగా ఉండేవి. తెచ్చింది మా నాన్న. కట్టుకోవలసింది ఆయనా, ఆయన బ్యాండులోని తక్కిన ఎనిమిది మందీ. దండెం మీద తొమ్మిదీ వరసగా వేలాడుతుంటే, చూలై పేటలో మా సందులో పోయేవాళ్ళు ఆగి, ఈ ఇంట్లో ఇంతమంది ఆడపిల్లలు ఎప్పుడు పుట్టారబ్బా అన్నట్టు చూసి పోయేవారు. నాకు నవ్వాగేది కాదు. అమ్మకు మాత్రం తల కొట్టేసినట్టుండేది.

అది యాభైల నాటి మద్రాసు. నాన్న క్లారినెట్ వాయించేవారు. జార్జి టౌన్ వర్తకుల ఇళ్ళ పెళ్ళి ఊరేగింపులకు ఒకప్పుడు ఆయన బ్యాండంటే మంచి గిరాకీ. తర్వాత మైకు సెట్లు వచ్చాయి. ఒక మనిషి రికార్డు పెడితే చాలు, వీధి వీధంతా సినిమా పాట మోగిపోయేది. తొమ్మిది మందికి భోజనాలు పెట్టే బాధ లేదు. పైగా నాన్న మనుషుల ఖాకీ దుస్తులు ఉతికి ఉతికి వెలిసిపోయి, మేళగాళ్ళెవరో పోస్టు బంట్రోతులెవరో తెలియకుండా ఉండేది.

మా మేనమామకు జార్జి టౌన్‌లో మిరపకాయల మండీ ఉంది. "బావా, ఊదింది చాలు, వచ్చి మండీలో లెక్కలు చూసుకో" అని ఆయన ఎప్పట్నుంచో పిలుస్తున్నాడు. అమ్మకూ అదే ఇష్టం. చివరికి నాన్న ఒక షరతు మీద ఒప్పుకున్నారు. వైశాఖంలో ఒక పెద్ద వర్తకుడి మనవరాలి పెళ్ళికి బ్యాండు ఒప్పుకుని ఉన్నారు. ఆ ఊరేగింపు చూసి మళ్ళీ నలుగురు పిలిస్తే సరి, లేకపోతే క్లారినెట్ పెట్టెలో పెట్టేసి మండీలో కూర్చుంటానని మామకు మాటిచ్చేశారు. ఆ మాటిచ్చిన రోజు నుంచీ నాకు మామ మీద ఒళ్ళు మంటగా ఉండేది.

ఆ పెళ్ళి కోసమే ఈ పావడాలు. మూర్ మార్కెట్‌లో దొరల పాత సామాను అమ్మే కొట్లో కొన్నారు. స్కాట్లండు సిపాయిల బ్యాండు కట్టుకునేవట, వాటిని కిల్టులంటారట. ముదురు పచ్చ, నీలం గళ్ళు, మధ్యమధ్య సన్నటి పసుపు గీత, వెనక దట్టంగా కుచ్చిళ్ళు. గుడ్డ ఉన్ని. మద్రాసు వైశాఖంలో ఉన్ని!

"మొగోళ్ళు పావడాలు కట్టుకొని వీధుల్లో తిరగతారా? రేపు నేను కొళాయి కాడికి ఎట్ల పోయేది?" అంది అమ్మ.

"పావడా కాదే, కిల్టు. దొరలే కట్టుకున్నారు."

"దొరలు ఏమైనా కట్టుకుంటారు. వాళ్ళ పెండ్లాలు ఈడ కొళాయికి రారు గదా!"

మేళంలోనూ అదే గోల. పెద్ద డ్రమ్ము వాయించే పెద్దాయన అయితే లోపల లుంగీ ఉంటేనే కడతానన్నాడు. కట్టి చూపించాడు కూడా. కిల్టు గళ్ళ కింద జానెడు లుంగీ గళ్ళు బయటికొచ్చి, రెండు ఇళ్ళ బట్టలు ఒకే దండెం మీద వేసినట్టుంది. తీసేశాడు. అప్పుడు నాన్నకు టైల ఉపాయం తట్టింది. "మెడలో టై ఉంటే ఎవడూ మోకాళ్ళు చూడడప్పా, ఆఫీసరనుకుంటాడు" అన్నారు. ఆ మాట అందరికీ నచ్చింది. టై ఉంటే వస్తాం, లేకపోతే లేదని తేల్చి చెప్పారు.

ఏ రంగు టై అన్నది నాన్నకు ప్రశ్నే కాదు. కిల్టులతోపాటు ఒక పాత ఫోటో వచ్చింది. అందులో దొర సిపాయిలందరి మెడల్లోనూ నల్ల టైలే. కాబట్టి నల్లవే కొనుక్కొచ్చారు.

"ఫోటోలో కిల్టులు గూడా నల్లగానే ఉండాయి గదా నాయినా?" అన్నాను నేను.

ఆయన ఫోటో చూశారు, దండెం చూశారు, నన్ను చూశారు. "సుమ్మా ఉండవే" అని నా నోరు మూయించారు.

పెళ్ళికి ముందురోజు మధ్యాహ్నం కొత్త దుస్తులు చూపించడానికి అందరూ పెళ్ళివారింటికి వెళ్ళారు. నేనూ వెళ్ళాను, ఎందుకంటే మా బడి దుస్తుల్లో టై ఉండేది కనుక ముడి వెయ్యడం నాకొక్కదానికే వచ్చు. అరుగు మీద పెళ్ళికూతురి నాయనమ్మ కూర్చుని ఉంది. తొమ్మిది మందినీ కింద నుంచి పైదాకా చూసింది. కిల్టుల దగ్గర ఆమె చూపు ఆగనే లేదు. మెడల దగ్గర ఆగింది.

"మొగోళ్ళు ఏం కట్టుకుంటే నాకేమి, కాలం మారిపాయ. ఆ నల్ల పేలికలు మాత్రం మా బిడ్డ ఊరేగింపు ముందర నడవగూడదు. తీసేసి వస్తే రండి, లేకుంటే మైకు సెట్టోడు ఉండనే ఉండాడు."

పెళ్ళిలో నలుపు పనికిరాదని మా సందులో చంటిపిల్లకు కూడా తెలుసు. ఇన్నేళ్ళూ పెళ్ళి ఊరేగింపుల ముందు నడిచిన తొమ్మిది మందికీ తట్టలేదు. దొరల పద్ధతి ఎక్కడ తప్పుతుందోనన్న కంగారులో మన పద్ధతి గాలికి వదిలేశారు. పోనీ టైలు లేకుండా రండయ్యా అంటే, "అందురూ మా కాళ్ళే చూస్తారు, మేం రాము" అని మొండికేశారు. ఒకే రంగువి తొమ్మిది టైలు కావాలని నాన్న కనబడిన కొట్టల్లా ఎక్కి దిగారు. నలుపు, నీలం తప్ప లేవు.

ఇంటికొచ్చి క్లారినెట్ తుడిచి పెట్టెలో పెట్టారు. "మీ అన్నకు చెప్పు, వస్తానని" అన్నారు అమ్మతో. అమ్మ ఇన్నాళ్ళూ కోరుకున్న మాటే అది. విని వంటింట్లోకి పోయింది.

మర్నాడు పొద్దున్నే అమ్మ తన ట్రంకు పెట్టెను హాల్లోకి ఈడ్చుకొచ్చింది. నిండా రవిక గుడ్డలు. పేరంటాల్లో తాంబూలంతో ఇచ్చినవి. వాటిని ఎవరూ కుట్టించుకోరు. ఈ ఇంట్లో పుచ్చుకున్నది ఆ ఇంట్లో పెట్టడం, అది మళ్ళీ ఇంకో ఇంటికి పోవడం. మద్రాసులో కొన్ని రవిక గుడ్డలు మనుషులకంటే ఎక్కువ గడపలు తొక్కి ఉంటాయి. అమ్మ చాప మీద ఒక కిల్టు పరిచి, దాని పక్కన ఒక్కొక్క గుడ్డా పెట్టి చూడటం మొదలుపెట్టింది. చీరకు రవిక చూసినట్టే.

"పచ్చ బాగుందమ్మా" అన్నాను.

"ఒంటి రంగు తీసుకుంటే ఎత్తి కనపడదే. అంచు రంగు చూడు." ఆ సన్నటి పసుపు గీత మీద వేలు పెట్టింది. "ఇది ఉండాది గదా. శుభం గూడా."

"మామకు మాటిచ్చినారు గదా?" అన్నాను ఉండబట్టలేక.

"మండీలో కూర్చుంటే ఇల్లు జాస్తి బాగానే గడుస్తాది. రాత్రి పెట్టిన మొగంతో మీ నాయిన రోజూ ఎదురుగా కూర్చుంటే నేను చూడలేను" అంది అమ్మ. ఆ మాటకు నాకు ఆమెను కావలించుకోవాలనిపించింది. ఆమె చేతిలో కత్తెర ఉండటంతో ఊరుకున్నాను.

పెట్టెలో పసుపువి మూడే దొరికాయి. అమ్మ సందులోని ఇళ్ళన్నీ తిరిగింది. "పసుప్పచ్చ రవిక గుడ్డ ఉంటే ఇయ్యండి, ఇంకోటి పెడతా" అని అడిగి తెచ్చింది. ఒకటి నిమ్మపండు రంగు, ఒకటి సంపెంగ రంగు, ఒకటి పచ్చి పసుపుకొమ్ము. నేను ఒక నల్ల టై కుట్లు విప్పి కొలత చూసుకుని, లోపల బిరుసుగా ఉండటానికి పాత ఖాకీ ప్యాంట్ల గుడ్డ పెట్టి, మెషీను మీద కుట్టుకుంటూ పోయాను. మధ్యాహ్నానికి ఎనిమిదయ్యాయి. నాన్నది మిగిలింది, గుడ్డ అయిపోయింది.

అమ్మ పెట్టె అడుగు నుంచి ఇంకొకటి తీసింది. బంగారు పసుపు పట్టు. అది ఎవరికీ పెట్టేది కాదు, కుట్టించుకునేదీ కాదు. పుట్టింటి గుడ్డ, మామ పెట్టింది. "కొయ్యి" అంది. నేను ఆమె మొహం చూశాను. "కొయ్యవే, పొద్దు పోతా ఉంది" అంది.

టైలు చూడగానే నాన్న పెట్టెలోంచి క్లారినెట్ మళ్ళీ తీశారు, మేళంవాళ్ళు వరసగా నిలబడి నా చేత ముళ్ళు వేయించుకున్నారు. సాయంత్రం ఊరేగింపు బయలుదేరింది. అంతవరకు నాన్న వాయిస్తుండగా చూడటానికి ఎన్నడూ రాని అమ్మ, ఆ రోజు నా పక్కన వీధిలో నిలబడింది. తొమ్మిది పసుపు టైలూ తొమ్మిది రకాల పసుపు. పెట్రోమాక్సు దీపాల వెలుగులో అదే అందంగా ఉంది. చెమటలు కారిపోతున్నా పెద్ద డ్రమ్ము పెద్దాయన కలెక్టరులా నడిచాడు. పిల్లలు పెళ్ళి పందిట్లోని మైకు సెట్టును వదిలేసి బ్యాండు వెంటపడ్డారు. పెళ్ళికూతురి నాయనమ్మ, వచ్చినవాళ్ళందరికీ, ఆ రంగు తనే చెప్పానని చెప్పుకుంటోంది. వీధి మలుపు తిరగకముందే ఇద్దరు వర్తకులు నాన్న పక్కన నడుస్తూ తమ ఇళ్ళ ముహూర్తాలు అడుగుతున్నారు.

మామ కూడా ఆ పెళ్ళికి పిలిచినవాళ్ళలో ఒకడు. జనంలోంచి మా దగ్గరికి వచ్చి, నాన్న మెడ వంకే చూస్తూ, "ఏమ్మా, బావ మెడలో ఉండేది నేను నీకు పెట్టిన గుడ్డ కాదా?" అన్నాడు.

"అవునన్నా" అంది అమ్మ, క్లారినెట్ మీంచి చూపు తిప్పకుండానే. "మీ మండీకి ఇంకో మనిషిని చూసుకోండి."