ఖిల్లా దారిలో మా మామగారు

మొన్న బెజవాడలో మోకాళ్ళ డాక్టరుగారు ఇక మెట్లెక్కొద్దని చెబితే, పక్కనున్న మా అమ్మాయి మొహం చిన్నబోయింది గానీ నాకు మాత్రం నవ్వొచ్చింది. మన ఈడువాళ్ళతో అయితే చెప్పుకోవచ్చు, పడుచుదనంలోనే నాకు కొండెక్కడం చేతకాదని కొండపల్లి అంతా అనుకునేది.

మాది ఉయ్యూరు పక్క చెరుకు పొలాల ఊరు, మాకు ఎత్తంటే కాలవగట్టే. అలాంటిదాన్ని బొమ్మలు చేసే ఇంటికి కోడలిగా వచ్చాను. తలుపు తీస్తే ఎదురుగా కొండ, పైన పాడుబడ్డ ఖిల్లా. సందులోకి వెళితే ప్రతి అరుగు మీదా ఉలి చప్పుడు, ముక్కలతికే చింతపిక్కల పిండి ఉడికే వాసన, ఎండలో ఆరబెట్టిన, ఇంకా తొండాలు అతకని బొమ్మ ఏనుగులు. మొదట్లో ఆ కొండ మీద పడుతుందేమోనని భయపడేదాన్ని, తర్వాత పుట్టింటికి వెళితే అది కనపడక ఏదో వెలితిగా ఉండేది.

మా మామగారు బొమ్మలకి కావలసిన పొణికి కర్రని తానే కొండెక్కి చూసి తెచ్చుకునేవారు. వయసు మీద పడి ఆయాసం మొదలైనా మానలేదు, మానితే తన పనైపోయినట్టేనని ఆయన బెంగ. వద్దంటే ఆ పూట అన్నం ముట్టేవారు కాదు. చివరికి మా అత్తగారు నన్ను ఖిల్లా చూసే వంకతో వెంట పంపి, దారిలో మాటిమాటికీ కాళ్ళు పీకుతున్నాయని కూర్చోమన్నారు. కోడలి కోసమైతే ఆగుతారు, ఆయన పరువూ పోదు.

అలా ఆయన కొండెక్కినప్పుడల్లా వెంట వెళ్ళి, ప్రతి మలుపులోనూ ఓ రాయి చూసుకుని చతికిలబడేదాన్ని. చదునునేల మీద పెరిగినవాళ్ళకి కాళ్ళే ఉండవని సణుగుతూ ఆయనా కూర్చుని, ఆయాసం తీరేదాకా ఖిల్లా రాజుల సంగతులూ, వాళ్ళ నాన్న అక్కడ సద్ది విప్పుకున్న కబుర్లూ చెప్పేవారు. ఆ ఊరు నాకు దగ్గరైంది ఆ రాళ్ళ మీదే. పంపు దగ్గర ఆడవాళ్ళు నా చేతకానితనాన్ని ఎంత ఏడిపించినా నోరు మెదపలేదు.

ఒక వేసవిలో సగం దారన్నా కాకముందే ఆయన పెదాలు తెల్లబడ్డాయి. నేను గబుక్కున కూలబడి, ఇక నా వల్ల కాదు మావయ్యగారూ అన్నాను. ఆయన పక్కనే కూర్చుని, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నారు.

"ఇంక చాల్లే అమ్మాయ్. నా కోసం ఎన్నాళ్ళని అలిసిపోతావు?" అన్నారు.

ఎప్పటినుంచి తెలుసో అడగలేకపోయాను, ఏడుపు ముంచుకొచ్చింది. ఇద్దరం వెనక్కి తిరిగాం. మళ్ళీ ఆయన కొండెక్కలేదు. ఇంకొకరు తెచ్చిన కర్రతోనే పోయేదాకా బొమ్మలు చేశారు, కర్ర బాగాలేదని మాత్రం ఒక్కనాడూ అనలేదు.

ఇప్పుడు ఖిల్లా దాకా రోడ్డు పడింది. ఆదివారమొస్తే కార్లలో జనం వచ్చి, ఫోటోలు తీసుకుని, టీ చల్లారేలోపు దిగిపోతారు. మంచిదే, ఎవరికీ కాళ్ళు నొప్పెట్టవు. కానీ ఒకరి కోసం ఒకరు ఆగే పని కూడా ఎవరికీ లేకుండా పోయింది. నాకా, ఇప్పుడు నిజంగానే అలుపొస్తోంది. సణుగుతూ పక్కన కూర్చునే మనిషే లేరు.