బల్లలో చేయి

జోగారావుకి ఒక నమ్మకం ఉంది. తన హార్డ్‌వేర్ షాపుకి ఆడమనిషి వచ్చిందంటే అది క్యాలెండర్ తగిలించుకునే మేకు కోసమే. ఏలూరు వైపు నుంచి వచ్చి పంజాగుట్ట చౌరస్తా దగ్గర ఏళ్ళ తరబడి దుకాణం నడుపుతున్న మనిషి. మాట మర్యాదగానే ఉంటుంది. ఆ మర్యాదే కరుణశ్రీకి ఒళ్ళు మండిస్తుంది.

"ఆరు సూత్ ఉలి కావాలె సార్. బల్ల బిగించనీకె రెండు క్లాంపులు సుత కావాలె," అని అడిగిందామె.

"ఎవరికమ్మా?"

"నాకే."

జోగారావు నవ్వాడు. "మీ ఆయన్ని పంపించమ్మా, ఆయనకైతే చూపించి ఇస్తాను. తీరా ఇంటికెళ్ళాక ఇది కాదు, అది అంటే మళ్ళీ మీకే ఇబ్బంది."

ఆమె మొగుడు సనత్‌నగర్ ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు. ఉలికీ స్క్రూడ్రైవర్‌కీ తేడా తెలియదు గానీ పెళ్ళాం పనికి అడ్డం రాడు, అదే పదివేలు. ఇదంతా జోగారావుకి చెప్పి లాభం లేదని ఆమె ఊరుకుంది. చివరికి జోగారావు ఉలి తీసి ఒక ధర చెప్పాడు. పక్కనే నిల్చున్న కార్పెంటర్‌కి అదే ఉలికి అప్పుడే చెప్పిన ధర అది కాదు.

"ఉంచుకోండి సార్. మీ ఉలి మీ దగ్గర్నే ఉంచుకోండి," అని మెట్లు దిగి వచ్చేసింది.

కరుణశ్రీ వడ్రంగి సాలమన్ కూతురు. అమీర్‌పేట సందుల్లో జావా, డాట్‌నెట్ బోర్డుల వెనక ఉన్న హాస్టళ్ళకి మంచాలు, పుస్తకాల అరలు చేసినవాడు సాలమన్. కొడుకు చెవిన పెన్సిలు పెట్టుకోవడానికే సిగ్గుపడితే, కూతురు చిత్రిక పట్టడం నేర్చుకుంది. సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం ఊళ్ళ నుంచి పిల్లలు వచ్చి పడుతున్న కాలం, పనికి కరువు లేదు. తండ్రి మంచాన పడ్డాక హాస్టళ్ళ పనంతా ఆమే చేసింది. ఓనర్లు మాత్రం "సాలమన్ చేసిన సామాను" అనే చెప్పుకున్నారు. సాలమన్ పోయిన వారంలోనే అన్న ఆయన పనిముట్ల పెట్టెను పాత ఇనుప సామాను కొనేవాడికి అమ్మేశాడు. "ఇంట్ల ఇగ ఎవడు వాడుతడు?" అన్నాడు. ఆ మాటను ఆమె ఇప్పటికీ క్షమించలేదు, క్షమించమని ప్రతి ఆదివారం వింటూనే ఉన్నా సరే.

పెట్టె పోయినా చేతిలో పని పోలేదు కదా. ఆమె వెళ్ళే చర్చి సంఘంలో ప్రభువు బల్లకి చెదలు పట్టింది. రొట్టె, ద్రాక్షరసం పెట్టే బల్ల అది. ఆ సంస్కారాన్నే బల్ల అంటారు, అందులో పాలు పొందడాన్ని బల్లలో చేయి వేయడం అంటారు. కాలు ఊడిన ఆ బల్ల కింద ఇటుక పెట్టి నెట్టుకొస్తున్నారు. షోరూములో కొత్తది కొందామని సంఘ పెద్ద లెవీ అనగానే కరుణశ్రీ లేచింది.

"కట్టె నాదే, పని నాదే అన్నా. కూలి ఒద్దు. చేసింది కరుణశ్రీ అని సంఘం ముందల చెప్తే చాలు."

లెవీ అటూ ఇటూ చూశాడు. "సరే తియ్. మట్టల ఆదివారంలోపల కావాలె మరి. లేకపోతే కొనుడే."

మెట్రో కోసం కూల్చిన ఇళ్ళ పాత టేకు ద్వారబంధాలు చవగ్గా దొరికాయి. రంపం, చిత్రిక అరువు దొరికాయి, దొరకనిదల్లా ఉలి, క్లాంపులే. జోగారావు మెట్లు మళ్ళీ ఎక్కడం అనేది కల్ల. షాపు నుంచి వచ్చిన ఆ సాయంత్రమే ఫోన్‌లో యాప్ తెరిచింది.

అక్కడ ఉలులు బారులు తీరి ఉన్నాయి. ధరలు చూస్తే ఇన్నాళ్ళూ తన నోట్లో ఎంత మట్టి కొట్టారో అర్థమైంది. ఏ ధరా ఆమె ఎవరో అడిగి మారలేదు. పేరు రాసే చోట రెండు గడులున్నాయి. ఇంటిపేరు పుట్టింటిది రాయాలా, అత్తింటిది రాయాలా అని కాసేపు చూసి, విసిగి, తన పేరునే రెండు ముక్కలు చేసి పడేసింది. ఏ ముక్క ముందు పడిందో చూసుకోలేదు.

పార్సిల్ తెచ్చినతను హాస్టళ్ళ మధ్య తిరిగి తిరిగి చెమటలు కక్కుతూ వచ్చాడు. "శ్రీ కరుణ గారున్నరా అక్కా? జర సార్‌ను పిలువుండ్రి."

"సార్ లేడు తమ్మీ. శ్రీ నేనే, కరుణ నేనే. ఇటియ్యి."

అట్ట డబ్బా విప్పితే క్లాంపులు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఉలి మాత్రం పెన్సిలంత సన్నగా ఉంది. మొగుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది ఉలినా, చెవిపుల్లనా?"

అప్పుడు తట్టింది. సాలమన్ ఇంట్లో ఉలి కొలత అంటే సూత్, అంగుళంలో ఎనిమిదో వంతు. ఆరు ఉలి అంటే ఆరు సూతులే. ప్లైవుడ్ మందం ఎం.ఎం.లో చెప్తారని ఆమెకు తెలుసు, ఉలికి కూడా అదే లెక్క ఉంటుందని ఎవరు కలగన్నారు? ఆరు అని కనిపించగానే నొక్కింది. ఇప్పుడీ సంగతి సంఘంలో తెలిస్తే లెవీకి నవ్వడానికి వారం సరిపోదు.

"తప్పు నాది, ఉలిది కాదు," అంది గట్టిగా, మొగుడికి కాదు తనకే. స్కేలు తీసి సూతుల పక్కన ఎం.ఎం.లు గోడ మీద బొగ్గుతో రాసుకుంది. పంతొమ్మిది అని వెతికి మళ్ళీ ఆర్డరు పెట్టింది. అది వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. చెవిపుల్లతోనే మూలల సందులు శుభ్రం చేసింది, అంచు వెంట సన్నటి గాడి తీసింది. రెండో ఉలి రాగానే కాళ్ళకి బెజ్జాలు తొలిచి, ఒక్క మేకు లేకుండా బిగించింది. అంతకు ముందు చేసిన మంచాలన్నీ ఒకెత్తు, ఈ బల్ల ఒకెత్తు. ఆ సంగతి ఆమెకు తెలుసు, అందుకే భయం కూడా వేసింది.

పాలిష్ పడుతుండగా లెవీ వచ్చాడు. బల్ల మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు. "మస్తుగున్నది," అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు. "గిట్లంటే ఏమనుకోకమ్మా. కొందరు ఒప్పుకుంటలేరు. రొట్టె పెట్టే బల్ల ఆడమనిషి చేసుడేందంటున్నరు. పాలిష్ వేరేటోనితోని చేపిద్దాం, పని మొత్తం ఆయనదే అని చెప్దాం. నీ కష్టం దేవునికెరుకే గదా."

ఆమె గుడ్డ కింద పెట్టలేదు. "ప్రతి నెలా బల్లల చెయ్యి వేస్తున్న గదా అన్నా, అప్పుడెవ్వరూ అడ్డం రాలే. బల్లల చెయ్యి వెయ్యనీకె పనికొచ్చిన చెయ్యి, బల్ల చెయ్యనీకె పనికిరాదా?"

"నా మాట కాదమ్మా అది..."

"మరి ఆ మాట అన్నోళ్ళను ఇటు పంపుండ్రి. ఇంకొకని చెయ్యి దీని మీద పడితే ఇది నా గుమ్మం దాటదు. ఇటుక పెట్టుకోండ్రి."

లెవీ చెప్పులు వేసుకుని బయల్దేరాడు. మట్టల ఆదివారం ముందురోజు నలుగురిని తీసుకొచ్చి బల్ల మోయించుకుపోయాడు. పేరు సంగతి ఆయనా ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

ఆ వారంలోనే, గుడ్ ఫ్రైడే ముందు గురువారం సాయంత్రం ఆరాధనకి సంఘం నిండిపోయింది. తెల్లగుడ్డ పరిచిన కొత్త బల్ల మీద రొట్టె, గిన్నెలు పెట్టారు. గుడ్డ అంచు కింద ఆమె తీసిన గాడి కనిపిస్తోంది. పాస్టరయ్యగారు ప్రార్థన ముగించగానే లెవీ మైకు అందుకున్నాడు.

"ఈ బల్లను మన సహోదరుడు ఒకాయన ప్రేమతోని చేసిచ్చిండు. దేవునికి స్తోత్రం."

"స్తోత్రం," అన్నారందరూ.

కూర్చుని ఊరుకుంటే ఇక జన్మంతా ఊరుకున్నట్టేనని కరుణశ్రీకి తెలుసు. ఆడవాళ్ళ చాపల మధ్య నుంచి లేచి నిలబడింది.

"సహోదరుడు కాదన్నా. సహోదరి."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. లెవీ దగ్గాడు. "ఆఁ... సహోదరి," అని గబగబా కీర్తనల పుస్తకం తిప్పబోయాడు.

"పేరు సుత చెప్పుండ్రి అన్నా."

అయ్యగారు లెవీ వైపే చూస్తున్నారు. లెవీ మైకు కాస్త దూరం పెట్టి, "కరుణశ్రీ," అన్నాడు.

ఆమె ఇంకా నిలబడే ఉంది. "గట్టిగ చెప్పుండ్రి. వెనక కూసున్నోళ్ళకు వినపడలే."

లెవీ మైకు దగ్గరికి లాక్కున్నాడు. "కరుణశ్రీ!" అన్నాడు, మైకు కూత పెట్టేంత గట్టిగా.

అప్పుడు కూర్చుంది.