చెక్క వద్దన్న వడ్రంగి మేస్త్రీ

మా వడ్రంగి మేస్త్రీ పోయారు. నెల్లూరు జిల్లాలోని వాళ్ల ఊరి నుంచి ఆయన పెద్దకొడుకు రాసిన ఉత్తరం మా పాత కంపెనీ పోస్టుబాక్సుకు వెళ్లి, చేతులు మారి మారి, మొన్న షార్జా రోలాలోని నా గదికి చేరింది. అప్పటికి నలభయ్యో రోజు ఫాతిహా కూడా అయిపోయింది. ఏడవడానికి కూడా ఆలస్యమైపోయిందనిపించింది. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని డ్యూటీకి వెళ్లిపోయాను.

ఆయన మీకెవరికీ తెలిసే అవకాశం లేదు. షార్జా శివార్లలోని సజ్జాలో ఒక చిన్న కంపెనీ ఉండేది. ఒకే షెడ్డులో ఒక పక్క చెక్కపని, మరో పక్క అల్యూమినియం పని. కాకినాడ వైపు నుంచి వచ్చిన నేను అక్కడ టైపు గుమాస్తాను. చెక్కపక్కకు ఆయన మేస్త్రీ. చేతికింద ఏడుగురు వడ్రంగులు. వాళ్లలో ఒకడు ఆయన సొంత బావమరిది. పూచీ పడే అరబ్బు కఫీల్‌ని రెండేళ్లు బతిమాలి వీసా తీయించి రప్పించుకున్నారు.

కొత్త చెక్క వస్తే ఆయన ముందు వాసన చూసేవారు. చిత్రిక పట్టేటప్పుడు ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. ఎవరైనా పని తొందరగా తేల్చేస్తే, "ఎండకి తొందర, నీకెందుకబయా" అనేవారు.

ఒక ఎండాకాలం సముద్రం ఒడ్డున కట్టే విల్లాల పని వచ్చింది. ప్రతి మిద్దెకూ చుట్టూ రైలింగ్ కావాలి. చెక్కతో చేస్తే ఎంత, అల్యూమినియంతో చేస్తే ఎంత, రెండూ పక్కపక్కన టైపు చేసి తెమ్మన్నాడు ముదీర్, అంటే మా మేనేజరు. "జో సస్తా, వహీ కరేంగే. దూస్రా సైడ్ ఖలాస్" అన్నాడు. ఏది చవకైతే అది ఉంటుంది, రెండో పక్క మూసేస్తారు.

ధరలు తెప్పిస్తే చెక్కకు అల్యూమినియంలో దాదాపు సగమే అవుతోంది. సంతోషంగా కాయితం తీసుకెళ్లి మేస్త్రీకి చూపించాను. ఆయన దాన్ని చాలాసేపు చూశారు.

"ఇది ఒక్క ఏడాది లెక్క. మిగతా ఏళ్లు యాడ?"

"ఆయన అడిగింది ఇంతేనండి, మేస్త్రీగారూ."

"సముద్రం గాలికి రెండు ఎండాకాలాల్లో కర్ర పగల్తాది. ఏటేటా గీకి వార్నీషు కొట్టాల. లోపల మేకు తుప్పుపట్టి వదులయితే పైకి కనపడదు. పదేళ్లు చూసుకుంటే అల్యూమినియమే చవక. అది గూడా రాయి."

"రాస్తే మన చెక్కపక్క ఉండదండి. మీ బావమరిది..."

"తెల్సు." కాయితం తిరిగి నా చేతికిచ్చారు. "మిద్దెల మీద పిల్లకాయలు ఆడుకుంటారు గదా. వాళ్లు ఆనుకునేది నీ కాయితాన్ని కాదబయా."

రాశాను. అల్యూమినియం ఖాయమైంది. పదేళ్ల లెక్క మేస్త్రీ చెప్పిందేనని ముదీర్ నోట షెడ్డులో అందరికీ తెలిసింది.

నెల తిరక్కుండా ఐదుగురి వీసాలు రద్దయ్యాయి. బండి ఎక్కే ముందు బావమరిది ఆయన ముందు నిలబడి, "పరాయి పిల్లకాయల కోసం సొంతోళ్ల నోటికాడ కూడు తీశావు బావా" అన్నాడు. మిగిలినవాళ్లు చాన్నాళ్లు ఆయనతో కలిసి తినలేదు. ఇంటి నుంచి భార్య ఉత్తరాలు కూడా ఆగిపోయాయి. ఆ లెక్క కాయితంలో చేర్చింది నేనని వాళ్లెవరికీ తెలియదు. ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఇన్నేళ్లుగా ఆ బరువు దించుకునే చోటు నాకు దొరకలేదు.

ఆయన్ను అల్యూమినియం పక్కకు మార్చారు. తనకంటే పదిహేనేళ్లు చిన్నవాడి కింద, యాభై దాటిన వయసులో, కొలవడం దగ్గర్నుంచి మళ్లీ నేర్చుకున్నారు. "దీనికి వాసన లేదబయా" అన్నారొకసారి. ఫిర్యాదులా కాదు, అలసటగా.

ఆయన చేసింది న్యాయమో కాదో, వెళ్లిపోయిన ఐదుగురి ఇళ్లలో అడిగితే ఏం చెబుతారో నాకు తెలియదు. బావమరిది చివరిదాకా ఆయనతో మాట్లాడలేదని ఉత్తరంలో ఉంది. జనాజా మాత్రం గోరీల దొడ్డిదాకా భుజం మార్చకుండా మోశాడట.

నాకు ఇప్పుడు పదే పదే గుర్తొస్తున్నది మొదటి విల్లా పని పూర్తయిన రోజు. సంతకాల కాయితాలు పట్టుకుని నేనూ వెళ్లాను. సాయంత్రమైనా ఎండ తగ్గలేదు. అందరూ దిగిపోయి వ్యానులో కూర్చున్నారు. మేస్త్రీ ఒక్కరే మిద్దె మీద, ఒక్కో స్తంభం దగ్గరా ఆగి, సముద్రానికి వీపు పెట్టి, ఒంటి బరువంతా రైలింగ్ మీద వేసి చూస్తున్నారు. కాలిన లోహం తడి చొక్కాకు తగిలినప్పుడల్లా ఒళ్లు చిన్నగా ఉలిక్కిపడుతోంది. అయినా జరిగి మళ్లీ ఆనుకుంటున్నారు. కింద నుంచి ఎవరో "యల్లా, యల్లా" అని తొందరపెట్టారు. ఆయన చివరి స్తంభం దగ్గర చేతులు రెండూ చాచి, కళ్లు మూసుకుని, అలాగే ఆనుకుని ఉండిపోయారు.