కాంతమ్మ గారి ఒత్తులు

తెల్లవారుతూనే కాంతమ్మ గారు మా వెనక తలుపు దగ్గరికి వచ్చేవారు. బెల్లు కొట్టేవారు కాదు. మా అమ్మాయి నిఖిల రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకుని ఉంటుందని, గోటితో అద్దం మీద మెల్లగా తట్టేవారు. నేను వెళ్ళి తలుపు తీసేలోపు మా మెట్ల మీద పడ్డ మంచును పక్కనున్న చీపురుతో ఊడ్చేసేవారు. లోపలికి వచ్చి, బూట్లు విప్పి, పెద్ద కోటు జేబులోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసేవారు. అందులో ముందురోజు చేసుకున్న పత్తి ఒత్తులు ఉండేవి. రెండు చేతులూ హీటర్ దగ్గర కాచుకుని, వేడెక్కాక గానీ దేవుడి అలమర ముట్టుకునేవారు కాదు.

"చల్లటి చేతులతో దేవుణ్ణి నిద్ర లేపితే ఊరుకుంటాడా?" అనేవారు.

కుందిలో నూనె పోసి, రెండు ఒత్తులు కలిపి వేసి, వెలిగించి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడేవారు. ఆ తర్వాత నాకూ తనకూ తానే టీ పెట్టేవారు. ఇంటి దగ్గర తన భర్త రాఘవయ్య సారుకు మాత్రం వాకింగ్‌కు వెళ్ళొస్తానని చెప్పి వచ్చేవారు.

"అబద్ధం కాదా అమ్మా?" అని నేనొకసారి అడిగాను.

"నడిచే కదే వచ్చాను, ఎగిరి వచ్చానా?" అన్నారు.

పరాయి దేశంలోని ఈ మంచు ఊరు సస్కటూన్‌లో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒక వెనక సందు ఉంది. చెత్తబండి వచ్చే సందు. ఆమె రోజూ దాటింది ఆ సందునే. మైనస్ ముప్పై ఉన్న రోజుల్లో కూడా మానేవారు కాదు. కనురెప్పల మీద మంచు పట్టి ఉండేది.

రాఘవయ్య సారుది గుంటూరు వైపు. ఇక్కడి యూనివర్సిటీలో చాలాకాలం చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఇంగ్లండులో రాజులు మతాన్ని తమ చేతిలోకి తీసుకున్న కాలం ఆయన సబ్జెక్టు. నెమ్మదస్తుడు. మంచు కురిసిన రోజున తమ గరాజు ముందు తవ్వుకున్నాక, చెప్పకుండా వచ్చి మా గరాజు ముందు కూడా తవ్వి వెళ్ళిపోయేవారు. నేను కిటికీ తీసి దండం పెడితే, పట్టుబడ్డట్టుగా తల వంచుకునేవారు.

రిటైరయ్యాక ఆయన ఒక పుస్తకం రాయడం మొదలుపెట్టారు. రాసింది సాయంత్రం పూట కాంతమ్మ గారికి తెలుగులో చెప్పి వినిపించేవారు. అప్పుడప్పుడు నేనూ వెళ్ళి కూర్చునేదాన్ని. నేను మా ఊళ్ళో ఏడో తరగతి దాకా చదువుకున్నాను. అయినా సారు చెబితే అర్థమయ్యేది.

ఎనిమిదవ హెన్రీ అనే రాజు రోమ్‌లోని పోపును కాదని, తన దేశంలో చర్చికి తానే పెద్దనన్నాడట. చర్చిలో పునీతుల బొమ్మల ముందు కొవ్వొత్తులు వెలిగించవద్దని ఆజ్ఞ వచ్చిందట. ఆయన కొడుకు రాజయ్యాక ఆ బొమ్మలు కూడా తీసేయించారట. తర్వాత హెన్రీ కూతురు మేరీ రాణి అయి, అన్నీ మళ్ళీ పెట్టమందట. ఆమె పోయాక చెల్లెలు ఎలిజబెత్ వచ్చి మళ్ళీ తీయించిందట.

"అంతేనమ్మా, పైవాళ్ళు ఆర్పమంటే ఆర్పారు, వెలిగించమంటే వెలిగించారు. తిరగబడి చచ్చిపోయినవాళ్ళు కొందరున్నారు గానీ, పల్లెల్లో ఎక్కువమంది సర్దుకుపోయారు," అన్నారు సారు.

"వాళ్ళకిష్టమో కాదో ఎవరైనా అడిగారా?" అన్నారు కాంతమ్మ గారు, చిక్కుడుకాయలు తుంచుతూ.

"రాజులు అడిగి చేస్తారా కాంతం?"

"మొగుళ్ళే అడగరు, రాజులేం అడుగుతారులెండి."

సారు పకపకా నవ్వారు. "విన్నావా ఎల్లమ్మా? మీ కాంతమ్మ నన్ను తీసుకెళ్ళి హెన్రీ పక్కన కూర్చోబెట్టింది. ఆయనకి ఆరుగురు పెళ్ళాలు. నాకు ఈవిడొక్కతే, దీనికే ఊపిరాడదు."

ఆ రోజు నేనూ నవ్వాను. ఆయన చదువు ఇంగ్లండు పల్లెలన్నీ తిరిగి వచ్చింది గానీ, సొంత వంటింట్లోకి తొంగిచూడలేదని తలుచుకుంటే ఇప్పుడు ఏడుపొస్తుంది.

సంగతేమిటంటే, వాళ్ళు ఈ దేశం వచ్చిన కొత్తలో బేస్‌మెంటులో అద్దెకుండేవారట. వంటగట్టు మీదే దేవుడు. ఒకరోజు కాంతమ్మ గారు దీపం పెట్టి ఇటు తిరిగేసరికి, అప్పటికి పసిపిల్ల అయిన వాళ్ళ కూతురు చంద్రిక పువ్వు అందుకోబోయింది. నైలాన్ గౌను చెయ్యి అంటుకుంది. సారే పరుగెత్తుకొచ్చి చేతులతో ఆర్పారు. ఆ పిల్ల మోచేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ రాత్రి ఆసుపత్రి నుంచి వచ్చాక సారు దీపపు కుంది తీసి గుడ్డలో మూటకట్టి దాచేశారు. "ఈ ఇంట్లో ఇక నిప్పు వెలగడానికి వీల్లేదు," అన్నారట. అగరొత్తి లేదు, హారతి లేదు. వంట కరెంటు పొయ్యి మీదే కాబట్టి అగ్గిపెట్టె కూడా ఇంట్లో లేదు.

కాంతమ్మ గారు మారు మాట్లాడలేదు. పిల్ల కాలిన తల్లి ఏం మాట్లాడుతుంది? చంద్రిక పెరిగి పెద్దదై, పెళ్ళి చేసుకుని, రిచ్‌మండ్ హిల్‌లో కాపురం పెట్టింది. సొంతింటికి మారినప్పుడు ఆ కుంది మూట అటకెక్కింది. ఇంట్లో చిన్నపిల్లలెవరూ లేకపోయినా ఆ ఆజ్ఞ మాత్రం అలాగే ఉండిపోయింది. సారు దాన్ని తీసేయడం మరిచిపోయారు. పువ్వు పెట్టి దండం పెట్టుకోవడమే కాంతమ్మ గారికి అలవాటైపోయిందనుకున్నారు.

మేం ఈ ఇంటికి వచ్చిన వారంలో ఆమె కరివేపాకు కుండీ ఇవ్వడానికి వచ్చారు. మా అలమరలో దీపం చూసి, కుండీ చేతిలో పట్టుకునే నిలబడిపోయారు.

"ఎల్లమ్మా, ఆ ఒత్తి నేనొకసారి ఎగదోయనా?" అన్నారు.

ఒక పెద్దావిడ ఆ మాట చిన్నపిల్లలా అడిగారు. మర్నాటి నుంచి రమ్మన్నాను.

ఆమెకు ఉన్న కోరిక ఒక్కటే. తన ఇంట్లో, తన దేవుడి ముందు, ఆయన మనస్ఫూర్తిగా సరేనన్నాక, ఒక దీపం పెట్టుకోవాలి. ఆస్తి కాదు, నగ కాదు. "ఒక్కసారి అడుగుండ్రి అమ్మా, సారు కాదంటరా?" అని నేను పోరుతుండేదాన్ని. "అడుగుతాలే, ఎండాకాలం రానీ," అనేవారు. ఎండాకాలాలు వచ్చాయి, పోయాయి. ఆమె అడగలేదు.

మొన్న జనవరిలో కొత్త మంచు కింద గాజులాంటి గడ్డ పట్టి ఉంది. గోటి చప్పుడు వినబడలేదేమని నేను తలుపు తీసి చూస్తే, సందు మధ్యలో ఆమె పడి ఉన్నారు. తుంటి విరిగింది. నేను దుప్పటి కప్పి, తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అంబులెన్సు వచ్చేదాకా ఆమె అన్నది ఒకటే మాట. "నీ కాళ్ళకి చెప్పుల్లేవు, లోపలికి పో."

ఆసుపత్రిలో నర్సు ఆమె కోటు సారు చేతికిచ్చింది. జేబులో డబ్బా ఉంది. సారు మూత తీసి ఒత్తులు వేళ్ళతో తిప్పి చూశారు.

"ఇవేంటి ఎల్లమ్మా? చెవిలో పెట్టుకునే దూదా?"

నా నోట అబద్ధం రాలేదు. అంతా చెప్పాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మేం వచ్చినప్పటి సంది సార్."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "నేను వద్దన్నానని..." అన్నారు. ఆ ఒత్తుల డబ్బా మూత ఎంతకీ పడటం లేదు. నేనే తీసుకుని మూసిపెట్టాను.

ఆపరేషన్ బాగానే జరిగింది గానీ, తర్వాత ఊపిరితిత్తుల్లోకి నిమ్ము చేరింది. ఆక్సిజన్ పెట్టారు. ఆ వార్డులో అగ్గిపుల్ల గీయడానికి కూడా వీల్లేదు. సారు ఇంటికి వెళ్ళి, అటక మీది మూట దింపి, కుంది తోమి, షాపు నుంచి అగ్గిపెట్టె కొనుక్కొచ్చారు. మా వంటింటి కిటికీలోంచి నేను చూశాను. వెనక మెట్ల మీద నిలబడి పుల్ల గీశారు. మంట రాగానే చెయ్యి వణికి, పుల్ల మంచులో పడిపోయింది. మరొకటి గీశారు. అదీ అంతే. నేను వెళ్ళి సాయం చేద్దామా అనుకుని, ఆయన మొహం చూసి ఆగిపోయాను.

చంద్రిక ఫ్లైట్‌లో వచ్చింది. సారు కూతురి దగ్గర ఏదీ దాచలేదు. ఆ అమ్మాయి తన మోచెయ్యి పట్టుకుని వార్డు బయట నేల మీద కూర్చుండిపోయింది.

"సో ఇట్ వాజ్ బికాజ్ ఆఫ్ మీ, నాన్నా?"

"కాదమ్మా. నీ చెయ్యి అప్పుడే మానిపోయింది. నా భయమే మానలేదు," అన్నారు సారు. నేల మీద ఆమె పక్కనే ఆయన కూడా కూర్చున్నారు. దారిన పోయే ఒక నర్సు ఏమీ అడగకుండా ఇద్దరికీ మంచినీళ్ళు తెచ్చిచ్చి వెళ్ళింది. ఆ తల్లి పేరు నాకు తెలియదు. దేవుడు ఆమెను చల్లగా చూడాలి.

కాంతమ్మ గారు ఆ వార్డు నుంచి ఇంటికి రాలేదు. మర్నాడు తెల్లవారుజామున, మా తలుపు దగ్గరికి వచ్చే వేళకే పోయారు.

అంతకు ముందటి సాయంత్రం సారు ఆమె మంచం పక్కన వంగి, చెయ్యి పట్టుకుని చెప్పారు. "కాంతం, కుంది దింపాను, అగ్గిపెట్టె కూడా కొన్నాను. రేపటి నుంచి రోజూ నేనే దీపం పెడతా. ఒట్టు. నా ప్రాణం ఉన్నన్నాళ్ళూ మానను." ఆమె నవ్వి ఆయన చొక్కా బొత్తం సరిచేశారు. చంద్రికకు టీ తెస్తానని ఆయన బయటికి వెళ్ళారు. అప్పుడామె నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశారు. ముక్కు మీది గొట్టం వల్ల మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది.

"ఎల్లమ్మా, నాకో సాయం చేసిపెట్టు. ఆయన్ని దీపం పెట్టనివ్వకు."

"అదేందమ్మా! ఇన్నేండ్లు మీరు కోరుకున్నది అదే గద?"

"ఆయనకి మంట చూస్తే ఇప్పటికీ వణుకు. నాకు తెలీదనుకుంటారు. అందుకే ఎప్పుడూ అడగలేదు. అడిగితే కాదనరు. నా మొహం చూసి సరేనంటారు. ఇప్పుడు పెడతానంటున్నదీ నా మీద జాలితోనే, తప్పు చేశానన్న బాధతోనే. నేను పోయాక రోజూ భయపడుతూ, ఏడుస్తూ ఆ పని చేస్తారు. నా మాట కోసం మనిషి అలా బతకడం నాకొద్దు. ఆయనంతట ఆయనకి ఎప్పుడైనా పెట్టాలనిపిస్తే, ఆ రోజు నువ్వు పక్కన నిలబడు. అప్పటిదాకా ఆయన కొన్న అగ్గిపెట్టె నువ్వు తెచ్చేసుకుని మీ ఇంట్లో పెట్టుకో."