నా కాన్పుకు తెచ్చిన ఇంజను

కడుపుతో ఉన్న పెళ్ళానికి ఎవరైనా మామిడికాయలు తెస్తారు, గాజులు తెస్తారు. మా ఆయన ఇంజను తెచ్చాడు. నాందేడ్ నుంచి బిలోలి దాకా ఎడ్లబండిలో, కింద గడ్డి పరిచి తెచ్చి, మా వాకిట్లో దింపించాడు. వాడకట్టంతా వచ్చి చూసి నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకు తెచ్చాడో నాకు తెలుసు.

ఇది రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మాట. మా ఆయనకు ఒక కిరాయి మోటారు ఉండేది. ఎవరో జాగీర్దారు మోజుపడి తెప్పించుకొని, మోజు తీరాక అమ్మేసిన ఎనిమిది సిలిండర్ల బండి. ఎంత ఆలస్యంగా బయలుదేరినా నాందేడ్ స్టేషన్‌లో రైలును అందుకుంటుందని దానికి పేరు. ఆ పేరు నిలబెట్టడానికి ఏళ్ళ తరబడి ఒకటే పరుగు తీయించాడు. ఇంజను అరిగిపోయింది. నీలంగా పొగ వదిలేది. ఆయిలు పోసినకొద్దీ తాగేది. ఎత్తు ఎక్కుతుంటే లోపల టకటకమని కొట్టుకునేది. కిరాయిదార్లకు ఆ చప్పుడు వినపడకూడదని మా ఆయన గొంతు పెంచి కబుర్లు చెప్పేవాడు.

నా మొదటి కాన్పు ఆచారం ప్రకారం పుట్టింట్లో, సగరోళిలో. మంత్రసాని చేతులెత్తేసింది. మోటారు అప్పుడు ఏదో పెళ్ళివారితో పోయి ఉంది. నన్ను ఎడ్లబండిలో పడుకోబెట్టి నాందేడ్ దవాఖానకు బయలుదేరారు. దారిలోనే బిడ్డ పోయాడు. మళ్ళీ కడుపొస్తే నొప్పులు మొదలైన వెంటనే తీసుకురావాలనీ, ఆలస్యం చేస్తే ఈసారి తల్లి కూడా దక్కదనీ డాక్టరమ్మ మా ఆయన ముఖం మీదే చెప్పింది.

అందుకే నాకు మళ్ళీ నెల తప్పగానే ఆయనకు ఇంజను దిగులు పట్టుకుంది. పాతది సరిగ్గా ఆ రోజే ఆగిపోతే? నాందేడ్‌లో పాత ఇనుము అమ్మేవాడి దగ్గర అదే రకం బండి ఒకటి, వెనక భాగం నుజ్జయినది, పడి ఉందని తెలిసింది. వెళ్ళి, ఇంజనును తిప్పి చూసి, చెవి ఆనించి విని, విప్పించి కొనుక్కొచ్చాడు. సామాను ఎంచడంలో తనను మోసం చేసే మొగాడు నిజాం ఇలాకాలో పుట్టలేదని ఆయన నమ్మకం. ఆ గొప్పలు భోజనాల దగ్గర కూడా వినలేక చచ్చేదాన్ని. ఇప్పుడే బిగిస్తే ఇది కూడా కిరాయిలకే అరిగిపోతుంది కాబట్టి, నా నెలలు నిండే ముందు మేస్త్రీని పిలిపించి మార్పిస్తానన్నాడు.

నాందేడ్‌లోనే ఒక గది తీసుకుందామని నేనన్నాను. ఏడో నెల పడ్డ మనిషి పొలిమేర దాటకూడదని అత్త పట్టుబట్టింది. ఆమెకు ఆ ఇంజను రావడమే నచ్చలేదు.

“పుట్టని బిడ్డకు ముందుగాల ఏదీ తేవద్దంటరు. నేను ఊయల తేలే, నెత్తికి కుల్ల సుత కుట్టలే. గీ ఇనుప దిమ్మె ఎందుకు తెచ్చినవ్ కొడుకా?”

“అవ్వా, గా ఇంజను బిడ్డకు గాదు, బండికి,” అన్నాడాయన. ఆ ఇంట్లో తల్లిని అవ్వా అనే పిలిచేవారు.

ఇంజనును పశువుల కొట్టంలో చెక్కల మీద పెట్టించాడు. దాని ప్లగ్గులు తీసి నడిచే బండికి వేసుకున్నాడు. ఖాళీ అయిన ఎనిమిది రంధ్రాల్లోనూ ఆయిలు పోసి, ఆయిల్లో తడిపిన గుడ్డలు గట్టిగా కుక్కి, పైన గోనెపట్టా కప్పాడు. ఇంట్లో ఉన్నప్పుడల్లా హ్యాండిలు వేసి కాస్త తిప్పేవాడు.

శ్రావణంలో ఒక వకీలు సాబు బండిని మాట్లాడుకొని తాలూకాలన్నీ తిప్పించాడు. మా ఆయన ఇంటి మొహం చూడలేదు. ఒకటే వాన. నాకు నెలలు నిండుతున్నాయి. అత్త పెట్టెల తాళాలు తీసేసింది. దండేనికి కట్టిన తాళ్ళ ముడులు విప్పింది. కుండల మీద మూతలు తీసింది. ఎలుకలకు పండగ కదా అత్తమ్మా అని నవ్వాను.

“కాన్పు దగ్గరికొస్తె ఇంట్ల ముడి ఉండద్దు, మూత ఉండద్దు బిడ్డా. అన్నీ ఇడిస్తెనే నీకు సుత అల్కగయితది,” అంది. మొదటి బిడ్డ పోయినప్పుడు ఆమె ఎంత ఏడ్చిందో చూసినదాన్ని కాబట్టి నోరు మూసుకున్నాను.

ఆయన తిరిగొచ్చిన మరునాడే నాందేడ్ నుంచి మేస్త్రీ వచ్చాడు. పట్టా తీశారు. హ్యాండిలు వేస్తే కదల్లేదు. ఇద్దరూ కలిసి బలం పెట్టినా కదల్లేదు. మేస్త్రీ ఒక రంధ్రంలోకి పుల్ల దింపి తీశాడు. దాని కొసన ఎర్రటి తుప్పునీళ్ళు. సరిగ్గా దాని మీదే పెంకు జరిగి కొట్టం కురుస్తోంది.

“నేను కుక్కిన గుడ్డలేవి?” అన్నాడు మా ఆయన.

“నేనే తీసిన,” అంది అత్త గుమ్మంలోంచి, మంచిపని చేసిన ధీమాతో. “నిండు నెలల మనిషున్న ఇంట్ల ఎనిమిది నోర్లు మూసి పెడ్తరా ఎవలన్న?”

ఆయన తల్లిని ఒక్క మాట అనలేదు. నేనే అన్నాను. “నా పానం తీసినవ్ అత్తమ్మా!” అని అరిచాను. ఆమె ముఖం పాలిపోయింది. నా మాటకు నేనేమీ బాధపడలేదు.

మొత్తం విప్పాలి, చాలా రోజుల పని అన్నాడు మేస్త్రీ. సామాన్ల కోసం తిరిగి వెళ్ళిపోయాడు. ఈలోగా నానితే వదులుతుందేమోనని మా ఆయన ఇంట్లో ఉన్న ఆయిలంతా ఆ రంధ్రాల్లో పోశాడు. డబ్బా అడుగున కొంచెమే మిగిలింది.

తెల్లారాక నాకు నొప్పులు మొదలయ్యాయి.

పాత ఇంజనుతోనే బయలుదేరాం. వెనక సీట్లో నేనూ, ఒళ్ళో మూట పెట్టుకొని అత్తా. నేను ఆమెతో మాట్లాడలేదు. బండి జోరందుకుంటే లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడు. నెమ్మదిస్తే చప్పుడు తగ్గుతుంది, ఆలస్యమైపోతోందని నాకు భయం. ఆయన ఒకసారి నన్ను, ఒకసారి ముందున్న, ఆయిలు చూపించే ముల్లును చూస్తూ నడిపాడు. ఆపి మిగిలిన ఆయిలు పోశాడు. దారిలో నర్సీ ఊరు దాటాక ముల్లు పూర్తిగా పడిపోయింది. బండి ఆపి, స్టీరింగు మీద తల వాల్చాడు.

“ఆపినవేంది? పోనీయ్!” అని అరిచాను.

“పోనిస్తె ఇంజను పట్టేస్తది, ఇగ కదలదు. నూనె లేదు.”

అత్త మూట విప్పింది. అందులో మూత లేని ఇత్తడి చెంబు, నోటికి అడ్డంగా అరటాకు ముక్క. బాలింతకూ బిడ్డకూ రాయడానికి ఇంట్లో వండిన ఆముదం. “గిది పనికొస్తదా కొడుకా?”

ఆయన చెంబు వైపు చూశాడు, నా వైపు చూశాడు. దిగి, ఆ చెంబెడు ఆముదమూ ఇంజనులో పోశాడు. బండి దగ్గుతూ అందుకుంది. తెల్లటి పొగ, వంటింటి వాసన. చప్పుడు కాస్త మెత్తబడింది. ఆ తరువాతి దారి నాకు సరిగ్గా గుర్తులేదు. అత్త నా తలను పొట్టకు అదుముకొని “అయిపాయె బిడ్డా, అచ్చినం బిడ్డా” అంటూనే ఉంది. దవాఖాన ఆవరణలో పెద్ద చప్పుడు చేసి ఇంజను ఆగిపోయింది. ఆయన వెనక్కి తిరిగి చూడకుండా నన్ను ఎత్తుకొని లోపలికి పరుగెత్తాడు.

పొద్దు వాలక ముందే పిల్ల పుట్టింది. ఏడ్చింది. ఆ ఏడుపు విని నేనూ ఏడ్చాను.

కాసేపటికి ఇద్దరినీ లోపలికి రానిచ్చారు. ఆయన మంచం పక్కన నిలబడ్డాడు. అత్త గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

“నిజం చెప్పు కొడుకా,” అంది. “నేను గుడ్డలు తీసినందుకేనా గా ఇంజను ఖరాబయింది? గందుకేనా కోడలు గంత మాటన్నది?”

ఆయన నావైపు చూశాడు.

“కాదవ్వా,” అన్నాడు. “కొన్నప్పుడే ఖరాబున్నది. గా ఇనుపోడు నన్ను మోసం జేసిండు. నేనే చూస్కోలే.”

అత్త నమ్మింది. నమ్మగానే ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. “కండ్లు ఏడ వెట్టినవ్‌రా? చెవులు ఆనిచ్చి ఇన్నవంటివి గద! ఇద్దరి పానాలు పొయ్యేటియి గదరా!” అని అందరి ముందూ తిట్టడం మొదలుపెట్టింది. నర్సు వచ్చి మెల్లగా మాట్లాడమన్నా వినలేదు. ఆయన తల వంచుకొని ఆ తిట్లన్నీ తిన్నాడు. ఈయన ఇంత మంచివాడని నాకు అంతవరకు తెలియదు.

“ఇగ చాలు అత్తమ్మా,” అన్నాను. “దా, పిల్లను ఎత్తుకో.”

ఆమె చేతులు కొంగుకు తుడుచుకొని, మంచం దగ్గరికి వచ్చింది.