చీటీ యాడ రాసినావప్పా

ప్రతి విత్తనాన్నీ దాని దాని జాతి ప్రకారమే మొలిపించే దేవునికి ముందుగా స్తోత్రం. మన జ్ఞాపకం తప్పినా ఆయన జ్ఞాపకం తప్పదు. ఆయన నాకు చేసిన మేలుల్లో ఒక మనిషి ఉన్నారు. ఆ మేలు నన్ను విసిగించినంతగా ఏ కీడూ విసిగించలేదు.

ఈ ఉదయం పెన్సిలు చెక్కుతుంటే ఆ చెక్క వాసనకు ఆ మనిషే గుర్తొచ్చారు. బల్ల మీద మా విశ్వవిద్యాలయం పంపిన అచ్చు కాగితాలున్నాయి. అక్కడ చదివి, చదువు చెప్పి పేరు తెచ్చుకున్నవాళ్ళ మీద ఒక సంపుటి వేస్తున్నారు. నాకొక పేజీ ఇచ్చారు. తప్పులుంటే దిద్ది సంతకం చేసి పంపమన్నారు. అందులో నా గురువు వరదప్ప సార్ పేరు లేదు. ఆయన అచ్చు వేయించిన వ్యాసాలు చాలవట. ఎందుకు చాలలేదో నాకు తెలుసు. ఒక్కొక్క చీటీ కోసం ఆయన పోగొట్టిన రోజులు కళ్ళారా చూశాను. నా రోజులు కూడా పోగొట్టారు.

వరదప్ప గారు శూలగిరి పక్కన గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టి, మద్రాసులో వృక్షశాస్త్రం చెప్పేదాకా వచ్చినవారు. నేను హోసూరు క్రైస్తవ సంఘంలో వాక్యం బోధించే ఉపదేశి కొడుకుని. పందొమ్మిది వందల యాభైల చివర్లో ఆయన దగ్గర పరిశోధనకు చేరాను. హోసూరు, కృష్ణగిరి పల్లెల్లో ఎన్ని రకాల రాగులున్నాయో సేకరించి, మా శాఖ వెనకున్న మడుల్లో పండించి, తేడాలు రాయాలి. వినడానికి సులువైన పనే. దాన్ని కష్టం చేసింది ఆయన పద్ధతి. విత్తనం ఎవరిదో, ఎక్కడిదో తెలిపే చీటీని అది ఇచ్చిన మనిషి వాకిట్లో నిలబడే రాయాలి. చెమటకు సిరా కారిపోతుంది కనక పెన్సిలుతోనే రాయాలి. రాసింది ఆ మనిషికి చదివి వినిపించి, ఔనన్నాకే పొట్లం కట్టాలి. అంతటితో అయిపోతే బాగుండేది. మడిలో పంట వచ్చాక ఒక వెన్ను తీసుకుని మళ్ళీ అదే గడపకు వెళ్ళి చూపించాలి.

ఒకసారి బర్గూరు దగ్గర ఒక ఇంట్లో పొద్దున మొదలుపెట్టిన చీటీ మధ్యాహ్నం దాటినా తెమల్లేదు. విత్తనం తన పుట్టింటి నుంచి తెచ్చిందని అత్త అంది. "తెచ్చింది నువ్వే లేమ్మా, పదేండ్లుగా బూడిద కలిపి దాచింది ఎవరు?" అని కోడలు అడిగింది. సార్ రెండు పేర్లూ రాయమన్నారు. ఎవరి పేరు ముందుండాలన్నది ఇంకో గంట పట్టింది.

"సార్, ఈ గొడవతో శాస్త్రానికి ఏం పని?" అన్నాను దారిలో.

"ఏమప్పా ఉపదేశీ, మీ లేఖనాల్లో ఫలానావాని కొడుకు ఫలానావాడని పేజీల కొద్దీ ఉంటుంది కదా. అది చదివేటప్పుడు నీకు విసుగు రాదా?"

"వస్తుంది సార్."

"అయినా చదువుతావు. ఇదీ అట్లనే రాయి."

మూడో వేసవిలో నన్ను ఒక్కడినే పంపారు. ఆ ఎండలో రోజుకు రెండిళ్ళకు మించి తెమిలేది కాదు. నేనొక ఉపాయం చేశాను. రోజుకు పదిళ్ళు తిరిగి, విత్తనాలు గుడ్డపీలికల్లో మూట కట్టుకుని, సాయంత్రం కృష్ణగిరిలో గదికి చేరాక చీటీలన్నీ రాశాను. నా జ్ఞాపకశక్తి మీద నాకంత గర్వం. సంఘంలో అధ్యాయాలకు అధ్యాయాలు చూడకుండా అప్పజెప్పి మెప్పు పొందినవాణ్ణి. పది ఇళ్ళు గుర్తుండవా అనుకున్నాను.

పంట వచ్చింది. నా సిద్ధాంత వ్యాసం టైపు కూడా మొదలైంది. జూన్‌లోగా ఇస్తే మా వైపు కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం ఖాయం. నాన్న అప్పటికే సంఘమంతా చెప్పేశారు. సార్ మాత్రం వెన్నులు చూపించకుండా సంతకం పెట్టనన్నారు. తిట్టుకుంటూ ఆయన వెంట కుందారపల్లికి వెళ్ళాను. మొదటి ఇల్లు మునియమ్మ అనే ముసలావిడది. ఆమె వెన్ను చేతిలోకి తీసుకుని నవ్వింది.

"ఇది నాది కాదప్పా. నా రాగి పిడికిలి మాదిరి ముడుచుకోని ఉంటుంది. ఇదేమో చెయ్యి చాచి అడుక్కుంటా ఉంది. ఎవరింటి బిడ్డనో తెచ్చి నా పేరు పెట్టినావే."

బస్సు కోసం రోడ్డు పక్కన కూర్చున్నాం. సార్ చెప్పులో దిగిన ముల్లు తీసుకుంటూ అడిగారు. "ఈ చీటీ యాడ రాసినావప్పా?"

"ఆమె వాకిట్లోనే సార్."

ఆయన తలెత్తలేదు. "ఆదివారం సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్తావు కదా. ఆడ కూడా ఇట్లనే చెప్తావా?"

 "రూములో రాసినాను సార్. ఆ వేసవి అంతా."

"అయితే అన్నీ పోయినాయి."

"నాలుగైదు మారి ఉంటాయి సార్, మిగతావి సరిగానే ఉంటాయి."

"ఏ నాలుగైదు?"

 ఆ వేసవి పొట్లాలన్నీ పారేశాం. కాలేజీ ఉద్యోగం ఇంకొకరికి పోయింది. నాన్నకు నా మీద కోపం వచ్చింది, నాకు సార్ మీద. ఆయనకు అదేమీ పట్టలేదు. నాలుగో వేసవిలో గొడుగు పట్టుకుని ఆయనే నా వెంట ప్రతి గడపా ఎక్కారు. "నా మీద కోపం ఉంటే ఉండనీ, పెన్సిలు మొన చూసుకో," అన్నారు కృష్ణగిరి వైపున్న పోచంపల్లి సంతలో.

నా ఆలస్యానికి తన పర్యవేక్షణ లోపమే కారణమని ఆయన పైవాళ్ళకు రాసిచ్చారని, దానివల్ల ఆయన ప్రమోషను ఆగిపోయిందని చాలా ఏళ్ళ తర్వాత ఆఫీసు గుమాస్తా చెబితే తెలిసింది. కృతజ్ఞత కంటే ముందు నాకు ఒళ్ళు మండింది. ఆ ఒక్క మాట నాతో అంటే ఏం పోయేది? అప్పటికి ఆయన చనిపోయి రెండేళ్ళు. ఎవరితో పోట్లాడను?

నా పేజీలో, మూడు వేసవులు పల్లెపల్లెకూ ఒంటరిగా తిరిగి విత్తనాలు సేకరించానని రాశారు. సంతకం పెట్టి పంపేస్తే అయిపోయేది. కలం పక్కన పెట్టి పెన్సిలు చెక్కింది అందుకే. ఆ వాక్యం కొట్టేసి ఇలా రాశాను: "నాలుగు వేసవులు. మూడో వేసవి చీటీలు గదిలో కూర్చుని రాసినందువల్ల పారేయవలసి వచ్చింది. మిగిలిన మూడు వేసవులూ వరదప్ప గారు నాతో నడిచారు." ఇది చూసి వాళ్ళు నా పేజీనే తీసేయవచ్చు. రాసింది పైకి చదివాను. ఔననడానికి ఆయన లేరు. ఈ వయసులో కూడా చేసిన పని మళ్ళీ చేయిస్తున్నారు.

చదివిన మీరు ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, చూసినది చూసినచోటే రాసే ఓపిక మాకియ్యి. ఎవరిది వారి పేరుతోనే చెప్పే నోరియ్యి. విసుక్కుంటూ చేసినా సరే, మా చేత చేయించు. ఆమేన్.